బటన్ నొక్కితే వినేదెవరు?

(మన పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త 1986 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి, వృత్తిరీత్యా ఇంజనీరు.)

 

నెల కింద కమిటీ నుంచి ఫోనొచ్చింది. "నీకు ఇరవై నిమిషాలు ఇస్తున్నం. ఇంట్లో వస్తువులన్నీ తీగ లేకుండ ఎట్ల మాట్లాడుకుంటయో చెప్పు. మా ఇంట్ల వైఫై వంటింట్లకు ఎందుకు రాదో అది గూడ చెప్పు," అన్నాడు మావాడు. రెండో ప్రశ్నకు జవాబు అప్పుడే చెప్పేశాను: ఫ్రిజ్ పక్కకు జరుపు, రౌటర్‌ను టీవీ వెనకనుంచి తీసి మనిషి ఎత్తున పెట్టు. పని చేసిందట. మొదటి ప్రశ్నకు జవాబే ఈ ఇరవై నిమిషాలు.

మన బడి 1975లో మొదలైంది. అదే సంవత్సరం ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద వైర్‌లెస్ ప్రయోగం మొదలైంది. దాన్ని సైట్ అనేవారు. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపారు. మన పాలమూరు జిల్లా ఊళ్లూ అందులో ఉన్నాయి. దాదాపు 36 వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఆ సంకేతాన్ని పట్టడానికి పెట్టిన గొడుగు దేనితో చేశారో తెలుసా? కోళ్లగూటికి కొట్టే ఇనుప జాలీతో. పది అడుగుల వెడల్పు. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. అప్పుడు నాకు అయిదేళ్లు. మా మేనమామ ఊళ్లో ఆ డబ్బా చుట్టూ జనం కూచున్నట్టు మసకగా గుర్తు. ఏడాది గడిచాక ఉపగ్రహాన్ని వెనక్కు మళ్లించుకున్నారు.

ఆ కార్యక్రమాలు వచ్చిన తరంగం 860 మెగాహెర్ట్జ్. ఈ రోజు నల్లగొండ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర మీ కారు అద్దం మీది ఫాస్టాగ్‌ను చదివేది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య. దాదాపు పక్కింటి అడ్రసే. ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదు. పైన ఉన్న యంత్రం పంపిన తరంగం నుంచే రవ్వంత కరెంటు తీసుకుని, తన నంబరు చెప్పి ఊరుకుంటుంది. అప్పుడు ఆకాశం నుంచి రావాల్సిన పని ఇప్పుడు అద్దానికి అంటుకుని ఉంది.

ఇంట్లోకి వద్దాం.

మీ ఇంట్లో టీవీ రిమోట్ ఉంది. అది రేడియో కాదు, వెలుతురు. మన కంటికి కనపడని పరారుణ కాంతి. సెకనుకు సుమారు 38 వేల సార్లు మిణుకుమంటూ మాట చెబుతుంది. వెలుతురు కాబట్టి గోడ దాటదు, మధ్యలో మనిషి నిలబడ్డా దాటదు. రిమోట్ పనిచేస్తుందో లేదో చూడాలంటే మొన ఫోన్ కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క కనపడుతుంది. నా ఉద్యోగంలో నేర్చుకున్న విద్యల్లో మా చుట్టాలకు బాగా పనికొచ్చింది ఇదొక్కటే.

మిగతావన్నీ, అంటే వైఫై, బ్లూటూత్, జిగ్‌బీ, ఎక్కువగా ఒకే బజారులో తిరుగుతాయి. దాని పేరు 2.4 గిగాహెర్ట్జ్. ఇంకా సరిగ్గా చెప్పాలంటే 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు. మన దేశంలో 2005 జనవరిలో గెజిట్‌లో నియమాలు ఇచ్చి, తక్కువ శక్తితో వాడే పరికరాలకు ఇక్కడ లైసెన్సు అక్కర్లేదన్నారు. మా తరం వాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. రేడియో వినడానికి కూడా పోస్టాఫీసులో పుస్తకం తీసుకుని ఏటేటా లైసెన్సు కట్టిన ఇళ్లలో పుట్టినవాళ్లం. 1980ల నడుమ దాకా ఆ తంతు ఉండేది. మా నాయన రేడియో కంటే ఆ పుస్తకాన్నే భద్రంగా దాచేవాడు.

లైసెన్సు లేని చోటు అంటే ఊరుమ్మడి బావి లాంటిది. ఎవరైనా చేద వేయొచ్చు. మీ వైఫై, పక్కింటి వైఫై, చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్, కంప్యూటర్ మౌస్ అన్నీ అక్కడే. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ వేడి చేసేది కూడా 2450 మెగాహెర్ట్జ్ దగ్గరే. దాని తలుపు సందులోంచి కొంచెం కారినా వైఫైకి రణగొణధ్వనే. మరి ఇంతమంది ఒకే బావి దగ్గర కొట్లాడుకోకుండా ఎట్లా ఉంటున్నారు?

వైఫై పద్ధతి మర్యాదస్తుల పద్ధతి. మాట్లాడే ముందు వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. నిశ్శబ్దం కాగానే వెంటనే మొదలుపెట్టదు, మనసులో ఏదో ఒక అంకె అనుకుని లెక్కపెడుతుంది. చిన్న అంకె అనుకున్నవాడికి ముందు అవకాశం. అయినా ఇద్దరూ ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరి మాటా పాడవుతుంది. అప్పుడు ఈసారి ఇంకా పెద్ద అంకెల్లోంచి ఎంచుకుని మళ్లీ ఆగుతారు. ఇదంతా సెకనులో లక్షల వంతుల్లో జరిగిపోతుంది. మన తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో ఈ పద్ధతి ఉండి ఉంటే లెక్కల సార్ గొంతు అంతగా పోయేది కాదు.

బ్లూటూత్‌ది కోతికొమ్మచ్చి. తన బజారును 79 కొమ్మలు చేసుకుని సెకనుకు 1600 సార్లు గెంతుతుంది. ఏ కొమ్మ తర్వాత ఏ కొమ్మో మీ ఫోనుకూ మీ చెవిలో దానికీ మాత్రమే తెలుసు. ఒక కొమ్మ మీద వైఫై కూచుని ఉంటే ఆ కొమ్మను వదిలేసి మిగతా వాటి మీద ఆడుతుంది. చేతి గడియారాల్లో, బీపీ మిషన్లలో ఉండేది దాని తమ్ముడు, కరెంటు తక్కువ తాగే రకం. దానికి 40 కొమ్మలే. ఎక్కువసేపు నిద్రపోయి, లేచి, రెండు ముక్కలు చెప్పి, మళ్లీ పడుకుంటుంది. అందుకే రూపాయి బిళ్లంత సెల్లుతో నెలలకు నెలలు గడుస్తుంది. అదే సెల్లుకు వైఫై తగిలిస్తే దాని ఆకలికి ఆ సెల్లు తట్టుకోలేదు.

ఈ చిన్న సంగతి దగ్గరే అసలు లెక్కంతా ఉంది. ఇన్ని రకాలు ఎందుకు, ఒకటే చాలదా అని నన్ను అందరూ అడుగుతారు. ఎక్కువ మాట, ఎక్కువ దూరం, తక్కువ కరెంటు, ఈ మూడూ ఒకే చోట దొరకవు. సినిమా చూడాలంటే వైఫై కావాలి, దానికి గోడ ప్లగ్గు కావాలి. తలుపు తెరిచారా మూశారా అని చెప్పడానికి ఒక్క మాట చాలు, దానికి బిళ్ల సెల్లు చాలు. మెట్రో కార్డు నాలుగు వేళ్ల దూరం నుంచే మాట్లాడుతుంది, అంతకంటే దూరం మాట్లాడితే జేబులో డబ్బు ఉండదు. కిరాణా కొట్టులో "యాభై రూపాయలు అందాయి" అని అరిచే డబ్బాకు ఓనరు ఫోనుతో బ్లూటూత్ ఉందనుకుంటారు చాలామంది. లేదు, అందులో దాని సొంత సిమ్ ఉంటుంది. ఓనరు ఊళ్లో లేకున్నా అరవాలి కదా.

ఇక జిగ్‌బీ. తేనెటీగ ఎటు పువ్వులున్నాయో తోటి ఈగలకు ఆట ఆడి చెబుతుంది, ఆ ఆట నుంచి వచ్చిన పేరు. దీని కథ మా నాయన బతుకులోంచి చెబుతాను. మా నాయన నాగార్జునసాగర్ కట్టేటప్పుడు అక్కడ కూలిపని చేశాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు కదా. రాతి కట్టడం మీదికి మాలు తట్ట పోవాలంటే ఒక్కడే మోసుకుపోయేవాడు కాదు. వరుసగా నిలబడి తట్టను చేతులు మార్చేవాళ్లు. ఒక్కో మనిషి కదిలేది రెండడుగులు, తట్ట మాత్రం పైకి చేరేది. జిగ్‌బీ పరికరాలు అట్లాగే మాటను చేతులు మారుస్తాయి. అయితే ఈ వరుసలో నిలబడేవి గోడ ప్లగ్గులో ఉన్నవి మాత్రమే: బల్బు, ప్లగ్గు, స్విచ్చు. సెల్లుతో నడిచేవి తమ మాట చెప్పి నిద్రపోతాయి, ఇంకొకరి తట్ట మోయవు. ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

గోడల సంగతి చెప్పకుండా మన ప్రాంతంలో వైర్‌లెస్ గురించి మాట్లాడలేం. మనవి గ్రానైటు గుట్టలు, మన పాత ఇళ్లవి రెండడుగుల రాతి గోడలు. పుస్తకాల్లో రాసిన దూరాలన్నీ చెక్క గోడలు, పల్చటి గోడలు ఉన్న దేశాల లెక్కలు. రౌటర్ గాలిలోకి వదిలేది వంద మిల్లీవాట్లనుకోండి, పక్క గదిలో మీ ఫోనుకు అందేది అందులో వంద కోట్లలో ఒక వంతు అయినా ఫోను పని చేసుకుంటుంది. అంత సన్నటి వినికిడి దానిది. దాని ముందు తడిసిన గోడ, రాడ్ల స్లాబు, నీళ్ల డ్రమ్ము వచ్చినా ఆ సన్నటి మాట ఇంకా సన్నబడుతుంది. ఇనుప బీరువా వస్తే ఆగిపోతుంది.

ఇది నాకు మొదట చెప్పింది ఏ ఇంజనీరింగ్ కాలేజీ కాదు, మన సైన్స్ సార్. ఆయన ఈ రోజు మన మధ్య లేరు. ఒక రోజు తరగతికి ట్రాన్సిస్టర్ తెచ్చి హైదరాబాద్ కేంద్రం పెట్టారు. దాన్ని అట్టపెట్టెలో పెట్టి మూత వేశారు. పాట కొంచెం మందంగా వినపడింది. తర్వాత పెద్ద బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి మూత గట్టిగా నొక్కారు. పాట పోయి బుస్సుమనే చప్పుడు మిగిలింది. "ఏమైంది రా?" అన్నారు. "గొంతు మూసుకుపోయింది సార్," అన్నాను నేను. "గొంతు కాదు, చెవులు మూసుకుపోయినయి. హైదరాబాద్‌వాడు ఇంకా పాడుతనే ఉన్నడు. వాడికి తెల్వదు మనకు వినబడ్తలేదని," అన్నారు. అందరం నవ్వాం. ఆ మాట నాకు ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత మా ఇంట్లో అర్థమైంది.

మా నాయన పోయాక అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది. నేను, చెల్లె హైదరాబాద్‌లో. రమ్మంటే రాదు. "అక్కడ నాతోని మాట్లాడేటోళ్లు ఎవరున్నరు? లిఫ్టా?" అంటుంది. ఇక్కడున్న మీలో సగం మంది ఇళ్లలో ఇదే మాట వినే ఉంటారు.

సరే, ఇంజనీరు కొడుకును కదా. ఇంట్లో సరంజామా అంతా నేనే పెట్టాను. అమ్మ మెడలో తాడుకు ఒక చిన్న బటన్, జిగ్‌బీది. ముందు గదిలో దాని మాట వినే డబ్బా, దాని పక్కన వైఫై రౌటర్. రౌటర్ నుంచి ఇంటర్నెట్టు, ఎక్కడో ఉన్న సర్వరు, అక్కడి నుంచి హైదరాబాద్‌లో నా ఫోను. అమ్మ బటన్ నొక్కితే మూడు సెకన్లలో నా ఫోను మోగేది. వెనుక బాత్‌రూమ్ నుంచి మాత్రం ముందు గదికి మాట చేరలేదు. మధ్య గదిలో రాతి గోడ, దానికి ఆనించి మా అమ్మ పెళ్లినాటి ఇనుప బీరువా. బీరువా జరపడానికి అమ్మ ఒప్పుకోలేదు. అందుకని మధ్య గదిలో ఒక జిగ్‌బీ ప్లగ్గు పెట్టాను, తట్ట అందుకునే మనిషిలాగా. పనిచేసింది. పదిసార్లు పరీక్షించాను, పదిసార్లూ మోగింది. కరెంటు పోతుందని నాకు తెలుసు, అందుకని రౌటర్‌కూ దాని పక్క డబ్బాకూ చిన్న యూపీఎస్ కూడా పెట్టాను. ఊళ్లో నలుగురిని పిలిచి చూపించాను. గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

2022 మే నెలలో ఒక రాత్రి గాలివాన. ఊరంతా కరెంటు పోయింది. రాత్రి రెండు గంటల వేళ అమ్మ లేచి, బ్యాటరీ లైటు పట్టుకుని వెనక్కు పోయి, బాత్‌రూమ్ గడప దగ్గర జారి పడింది. తుంటి ఎముక విరిగింది. మెడలో బటన్ ఉంది. నొక్కింది.

ముందు గదిలో రౌటర్ బతికే ఉంది. డబ్బా బతికే ఉంది. మధ్య గదిలో గోడ ప్లగ్గుకు కరెంటు లేదు. వరుసలో నడుమ మనిషి లేచిపోయాడు. తట్ట కిందపడింది. పదిసార్లు పరీక్షించానని చెప్పాను కదా, పదిసార్లూ కరెంటు ఉన్నప్పుడే పరీక్షించాను.

పొద్దున అయిదున్నరకు పాలకోసం వచ్చిన పక్కింటి వదిన చూసింది. నాకు ఫోనొచ్చేసరికి మూడున్నర గంటలు గడిచాయి. ఆసుపత్రిలో అమ్మ నన్ను తిట్టలేదు. "పది పన్నెండు సార్లు ఒత్తిన బిడ్డా. ఒత్తినప్పుడల్లా ఎర్ర లైటు వెలిగింది. నీకు తెలిసింది, బయల్దేరినవ్ అనుకున్న," అంది.

ఆ లైటు ఎందుకు వెలుగుతుందో నాకు తెలుసు. నేను బటన్ నొక్కబడ్డాను అని చెప్పడానికి వెలుగుతుంది. మాట చేరిందని కాదు. హైదరాబాద్ కేంద్రం పాడుతూనే ఉంది, రేకు డబ్బాలో ట్రాన్సిస్టర్ వింటున్నదో లేదో దానికి తెలియదు. సార్ చెప్పింది అదే.

మా చెల్లె వరండాలోకి తీసుకుపోయి ఇంకో మాట అంది. "అన్నా, వాన మూడింటికే తగ్గిందట. అమ్మ గట్టిగ పిలిస్తే వదినకు వినబడేది. బటన్ ఉందని పిలువలేదు." నాకు జవాబు లేదు. ముప్పై ఏళ్ల నుంచి ఈ రంగంలో జీతం తీసుకుంటున్నాను. మా అమ్మ గొంతుకు బదులు నేను ఒక ఎర్ర లైటు ఇచ్చాను.

ఇంజనీరింగ్‌లో దీనికి పేరుంది, అందిందని బదులు చెప్పడం. వైఫైలో ఒక ఫోనుకు పంపిన ప్రతి మాట ముక్కకూ, ముక్క చేరిన పది మైక్రోసెకన్లకు అవతలి నుంచి "అందింది" అనే చిన్న జవాబు వస్తుంది. రాకపోతే మళ్లీ పంపుతుంది. జిగ్‌బీలోనూ ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఆ జవాబు ఉంటుంది. కానీ అది పక్కవాడికి అందిందన్న జవాబే. తట్ట కట్ట మీదికి చేరిందా, తాపీమేస్త్రీ చేతిలో పడిందా అన్నది వేరే జవాబు. అది చివరి నుంచి వెనక్కు మొదటి మనిషి దాకా రావాలి. అమ్మ మెడలో బటన్‌కు ఆ రెండో జవాబు చూపించే దారే లేదు. నేను కొనేటప్పుడు డబ్బా మీద బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందో చూశాను, ఎన్ని మీటర్లు పోతుందో చూశాను. అందిందని ఎట్లా తెలుస్తుంది అని మాత్రం చూడలేదు.

ఆపరేషన్ అయ్యి, రెండు నెలలు మా ఇంట్లో ఉండి, వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టగానే అమ్మ మళ్లీ ఊరికి పోతానంది. పోయింది. ఈసారి నేను చేసిన ఏర్పాటు విని మా ఆఫీసు కుర్రాళ్లు నవ్వారు.

బజారులో కొన్ని వందల రూపాయలకు దొరికే వైర్‌లెస్ కాలింగ్ బెల్ కొన్నాను. 433 మెగాహెర్ట్జ్ రకం. ఇంటర్నెట్టు లేదు, వైఫై లేదు, ఫోను లేదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, దీనిది 69 సెంటీమీటర్లు. మాట తక్కువ, మన గోడలను దాటే ఓపిక ఎక్కువ. మోగే డబ్బా ప్లగ్గుది కాదు, సెల్సుతో నడిచేది చూసి తెచ్చాను, ఒకసారి చేయి కాలింది కదా. దాన్ని మా ఇంట్లో పెట్టలేదు, వదిన వాళ్లింట్లో మంచం తలాపున పెట్టాను. బటన్ అమ్మ మెడలో. ఈ బెల్లుకు అందిందని చెప్పే తెలివి అసలు లేదు. ఆ జవాబు వదిన చెబుతుంది. గోడ అవతలి నుంచి "వస్తున్న అత్తా!" అని అరుస్తుంది. అమ్మ చెవులు ఇంకా బాగానే పనిచేస్తాయి.

రోజూ పొద్దున ఆరింటికి అమ్మ ఒకసారి నొక్కుతుంది. వదిన పలుకుతుంది. ఆరున్నర దాకా బెల్లు మోగకపోతే వదినే వచ్చి చూస్తుంది. దీనివల్ల సెల్లు అయిపోయినా తెలుస్తుంది, అమ్మకు బాగా లేకున్నా తెలుస్తుంది. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో మేం పెట్టే వ్యవస్థల్లోనూ ఇదే చేస్తాం. ప్రతి పరికరం ఇంతసేపటికోసారి బతికే ఉన్నానని చెప్పాలి. చెప్పకపోతే అదే అలారం. ఫ్యాక్టరీ పంపులకు చేసిన పని అమ్మకు చేయాలని నాకు తట్టలేదు.

పాత సరంజామా తీసేయలేదు. దాన్నీ బాగు చేశాను. మధ్య గదిలో ప్లగ్గుకు బదులు యూపీఎస్ మీద ఇంకో డబ్బా, సర్వరుకు గంట గంటకూ కబురు, కబురు ఆగితే నా ఫోనుకు, చెల్లె ఫోనుకు హెచ్చరిక. బీరువా మాత్రం అక్కడే ఉంది. మీలో ఎవరైనా ఊళ్లో అమ్మానాన్నలకు ఇట్లాంటివి పెట్టిస్తే, పెట్టినవాడు చేతులు కడుక్కుని పోయేలోపల మెయిన్ ఆఫ్ చేయించండి. కరెంటు లేనప్పుడు, బాత్‌రూమ్ తలుపు మూసి, నేల మీద కూచుని నొక్కి చూడండి. నిలబడి నొక్కితే చేరేది కూచుంటే చేరకపోవచ్చు, మన ఒళ్లు కూడా తరంగాన్ని తాగుతుంది. మోగిందా అని చూడటమే కాదు, మోగినట్టు నొక్కినవాళ్లకు ఎట్లా తెలుస్తుందో అడగండి. జవాబు లేకపోతే డబ్బులు ఇవ్వకండి.

మన బడికి స్మార్ట్ తరగతి గదులు కట్టిద్దామని సంఘం అనుకుంటున్నట్టు తెలిసింది. చందా నేనూ ఇస్తాను. ఒక్క మనవి. కదలని వస్తువుకు తీగ వేయండి. గోడకు బిగించిన బోర్డుకు, హెడ్మాస్టర్ గదిలో కంప్యూటర్‌కు గాలిలో మాట అక్కర్లేదు, యాభై మీటర్ల కేబులు చాలు. గాలిని కదిలేవాళ్లకు వదిలేయండి. నలభై మంది పిల్లలు నలభై పలకలు పట్టుకుని ఒకే గదిలో కూచుంటే ఊరుమ్మడి బావి దగ్గర ఎంత తొక్కిసలాట ఉంటుందో ఇప్పుడు మీకు తెలుసు. సైన్స్ గదిలో ఒక పాత ట్రాన్సిస్టర్, ఒక రేకు డబ్బా కూడా పెట్టించండి. అవి నేనే తెస్తాను.

ఇంకొక్క మాట, టైమైందని అధ్యక్షుల వారు చూస్తున్నారు. 1895లో జగదీశ్ చంద్ర బోస్ గారు కలకత్తా టౌన్ హాల్లో తీగ లేకుండా తరంగం పంపి, నడుమ గోడలు దాటించి, దూరంగా ఉన్న గదిలో గంట మోగించి చూపారు. ఇంటి లోపల వైర్‌లెస్ చేసిన మొదటి పనుల్లో ఒకటి గంట కొట్టడం. నూట ముప్పై ఏళ్ల తర్వాత మా ఊళ్లో అదే చేస్తోంది.

ఈ రోజు పొద్దున బెల్లు రెండుసార్లు మోగిందట. ఒకసారి అలవాటు ప్రకారం ఆరింటికి. వదిన పలికింది. ఆరుంబావుకు మళ్లీ మోగింది. వదిన చేతిలో చీపురు పడేసి ఉరికిందట. అమ్మ మంచం మీద రెండు చీరలు పరుచుకుని కూచుంది. "మావోని బడి మీటింగుకు ఏది కట్టుకోవాల్నే?" అని అడిగింది. ఆకుపచ్చది కట్టుకోమంది వదిన. ఇద్దరూ అదిగో, కుడివైపు మూడో వరుసలో కూచున్నారు.